కుడి భుజం దగ్గరి ఎత్తు, మాఘంలో ముహూర్తం

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు, పేరు వేయవద్దని కోరుతూ, చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆమెకు 27 ఏళ్ళు. గోపాలపట్నం వైపు ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె కుడివైపు కాలర్‌బోన్ నడుమ ఉసిరికాయంత ఎత్తు ఉంది. నొప్పి లేదు. బడిలో ఖోఖో ఆడారు, హాస్టల్లో నీళ్ళ బకెట్లు మోశారు, ఆ చెయ్యి ఏ పనికీ మొరాయించలేదు. పురిట్లో బిడ్డను లాగేటప్పుడు ఎముక విరిగిందని నాయనమ్మ తీర్మానించడంతో, పసితనంలో చోడవరం దగ్గర ఒక నాటువైద్యుడి చేత నెలల తరబడి కట్లు కట్టించారట. ఎత్తు తగ్గలేదు. కొన్నాళ్ళకు ఇంట్లో ఆ మాట ఎత్తడమే మానేశారు. తల్లి మాత్రం తలంటు పోసినప్పుడల్లా ఆ భుజాన్ని తడిమి చూసి నిట్టూర్చేవారట.

ఈమధ్య విజయనగరం నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి పిన్నిగారు ఆ ఎత్తును గమనించారు. రెండు రోజులకు మధ్యవర్తి ఫోన్ చేసి, "అమ్మాయికి ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా? మాకు చెప్పలేదేం?" అని అడిగారు. కంగారుపడిన తండ్రి ఆమెను ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. రిపోర్టులో "కుడి కాలర్‌బోన్ పాత ఫ్రాక్చర్, అతకలేదు" అని వచ్చింది. తుంటి నుంచి కొంత ఎముక తీసి, ప్లేటు వేసి అతికిస్తానని, మాఘమాసం ముహూర్తానికల్లా తేరుకుంటారని అక్కడి సర్జన్ చెప్పారు. మరొక వైద్యుడు "ఇన్నేళ్ళు లేని తొందర ఇప్పుడెందుకు?" అని పంపేశారు. తండ్రి ఆపరేషన్ చేయించేద్దామంటున్నారు. తల్లి ఆపరేషనూ వద్దు, అవతలివాళ్ళకు సంజాయిషీలూ వద్దంటున్నారు. తమ్ముడు పురుడు పోసిన నర్సింగ్ హోమ్ మీద కేసు వేయాలంటున్నాడు. అబ్బాయి ఒకసారి తనే ఫోన్ చేసి, "నొప్పిగా ఉంటుందా?" అని మాత్రం అడిగాడట. ఇది నిజంగా ఫ్రాక్చరేనా, పుట్టబోయే పిల్లలకు వస్తుందా, రేపు బిడ్డను ఎత్తుకోగలనా, ఆపరేషన్ చేయించుకోవాలా, అబ్బాయికి ఏం చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది: ఏడాదిగా, బోర్డు మీద ఎక్కువసేపు రాసినా, పుస్తకాల బ్యాగు కుడిభుజానికి తగిలించుకుని స్కూటర్ నడిపినా, కుడిచేతి ఉంగరపువేలు, చిటికెనవేలు తిమ్మిరెక్కుతున్నాయి.

అమ్మా,

మీ ఉత్తరంలో ఎముక, చేతివేళ్ళు, పెళ్ళి అనే మూడు సంగతులు ఒకదానికొకటి పెనవేసుకుపోయాయి. మీ ఇంట్లో వాళ్ళందరూ ఎముకనూ పెళ్ళినీ ముడిపెట్టి వాదించుకుంటున్నారు. వేళ్ళ తిమ్మిరిని మీరు కూడా చివరి వాక్యంలోకి నెట్టేశారు. ఎముకల వైద్యుడిగా నా దృష్టి మాత్రం ఆ చివరి వాక్యం దగ్గరే ఆగింది. ఈ మొత్తం వ్యవహారంలో వైద్యం అవసరమైన చోటు ఏదైనా ఉంటే అది అక్కడే ఉండవచ్చు. అయితే ముందు ఎముక సంగతి తేలనిదే మిగతా ముడులు విడవవు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. మిమ్మల్ని పరీక్షించకుండా, ఫిల్ము చూడకుండా రాస్తున్న జవాబు ఇది. మీ ఊళ్ళో ఒక వైద్యుడు చేతితో తడిమి నిర్ధారించవలసినది మిగిలే ఉంటుందని గుర్తుంచుకుని చదవండి.

కాలర్‌బోన్, పాఠ్యపుస్తకాల్లో జత్రుక, శరీరంలో కొంచెం వింత ఎముక. తల్లి కడుపులో పిండానికి ఐదారు వారాల వయసున్నప్పుడు అన్నిటికన్నా ముందుగా ఎముకగా మారడం మొదలుపెట్టేది ఇదే. ఛాతీ వైపు కొస పూర్తిగా అతుక్కుని ఎదుగుదల ముగిసేది మాత్రం పాతికేళ్ళ ప్రాంతంలో, అంటే దాదాపు అన్ని ఎముకల కన్నా చివర. (వయసు తేల్చవలసిన కేసుల్లో ఫోరెన్సిక్ వైద్యులు ఆ కొసను పరిశీలించేది ఇందుకే.) చేతుల్లో కాళ్ళలో ఉండే పొడవాటి ఎముకలు నిలువుగా ఉంటే, ఇది అడ్డంగా, రెండు వంపులు తిరిగి, చర్మానికి ఆనుకుని ఉంటుంది. దీని నడిమి భాగం పక్కపక్కనే పుట్టే రెండు కేంద్రాల నుంచి ఎముకగా మారుతుంది. ఆ రెండూ త్వరలోనే ఒకటైపోవాలి. అరుదుగా కొందరిలో అవి కలవవు. కలవవలసిన చోట ఎముకకు బదులు పీచులాంటి కణజాలమో, మృదులాస్థి తొడుగో మిగిలిపోతుంది. దీన్ని కంజెనిటల్ సూడార్థ్రోసిస్, అంటే పుట్టుకతో ఏర్పడిన దొంగ కీలు, అంటారు. 1910లో ఫిట్జ్‌విలియమ్స్ అనే వైద్యుడు వివరించిన స్థితి ఇది. మీ వర్ణన చదవగానే నాకు ముందుగా తోచింది ఇదే.

అలా తోచడానికి మొదటి కారణం, మీ ఎత్తు కుడివైపున ఉండటం. ఈ స్థితి దాదాపు ఎప్పుడూ కుడివైపే కనబడుతుంది. కొద్దిమందిలో రెండు వైపులా ఉంటుంది. ఎడమవైపు మాత్రమే ఉండటం బహు అరుదు. అలాంటివారిలో గుండె ఛాతీకి కుడిపక్కన అమరి ఉన్న సందర్భాలు వైద్యగ్రంథాల్లో నమోదయ్యాయి. చేతికి రక్తం తీసుకెళ్ళే సబ్‌క్లేవియన్ ధమని కుడివైపున కాస్త ఎత్తుగా పోతుందని, పిండదశలో అది కొట్టుకుంటూ ఉండటం వల్ల ఆ రెండు ముక్కలూ కలవలేకపోతాయని 1975లో లాయిడ్ రాబర్ట్స్, ఆయన సహచరులు ఒక వివరణ ఇచ్చారు. అది రుజువైన సిద్ధాంతం కాదు గాని, కుడివైపే ఎందుకన్న ప్రశ్నకూ, గుండె అటుగా ఉన్నవారిలో ఎడమవైపు ఎందుకన్న ప్రశ్నకూ ఒకేసారి జవాబు చెబుతుంది గనుక నాకు నచ్చిన వివరణ.

రెండో కారణం మీ పసితనం. కాన్పులో కాలర్‌బోన్ విరగడం వింతేమీ కాదు, ముఖ్యంగా బిడ్డ బరువు ఎక్కువైనప్పుడు. కాని అలా విరిగితే బిడ్డ ఆ చెయ్యి కదపదు, ఎత్తుకుంటే ఏడుస్తుంది, వారం పది రోజుల్లో ఆ చోట గట్టి బుడిపె కడుతుంది, ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ ఎముక దానంతట అదే సర్దుకుని చివరికి గుర్తు కూడా మిగలదు. కట్టు కట్టినా కట్టకపోయినా పసిబిడ్డల్లో ఈ ఎముక అతుక్కుంటుంది. నెలల తరబడి కట్టు కట్టినా లొంగనిది, 27 ఏళ్ళపాటు ఒక్కరోజు కూడా నొప్పి పెట్టనిది పురిటి ఫ్రాక్చర్ అంటే నమ్మడం కష్టం.

ఎక్స్‌రే ఫిల్ము మీ దగ్గర ఉంటే కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. ఎముక తెగినట్టున్న చోట రెండు కొసలూ గుండ్రంగా, నున్నగా, తెల్లని గట్టి అంచుతో ఉన్నాయా? ఛాతీ వైపు ముక్క పెద్దదై, కాస్త పైకీ ముందుకీ లేచి, భుజం వైపు ముక్క దాని కిందికి ఒదిగి ఉందా? మధ్యలో కొత్త ఎముక కట్టే ప్రయత్నం జరిగిన ఆనవాళ్ళేమీ లేవా? ఇవి మూడూ ఉంటే పుట్టుకతో వచ్చిన స్థితికే మొగ్గు ఎక్కువ. అద్దం ముందు నిలబడి గొంతు కింది గుంత నుంచి ఎముక వెంట వేలు జరుపుకుంటూ వస్తే, సగం దాటాక వేలు మెల్లగా ఎత్తెక్కి, అంతలో కిందికి జారి, మళ్ళీ ఇంకో ఎముక కొస తగులుతుంది. అక్కడ నెమ్మదిగా నొక్కితే రెండు ముక్కలూ కొద్దిగా కదిలినట్టు అనిపించవచ్చు. నొప్పి మాత్రం పుట్టదు. మీకు తగిలే ఆ ఎత్తు లోపలి ముక్క కొసే అయి ఉంటుంది.

రిపోర్టు రాసిన రేడియాలజిస్టును నేను తప్పుపట్టను. ఎక్స్‌రే గదికి పంపిన చీటీలో ఎముక పేరు తప్ప మీ చరిత్ర ఉండి ఉండదు. ఎముక మధ్యలో ఖాళీ కనబడితే ఎవరైనా ముందు రాసే మాట ఫ్రాక్చరే. కాని ఆ ఒక్క మాటే ఇప్పుడు మీ మీద "యాక్సిడెంట్ దాచారు" అన్న అనుమానానికి ఆధారమైంది. కనుక మీరు చేయదగిన మొదటి పని, అదే ఫిల్మును పుట్టుక నాటి సంగతులతో సహా మరొక ఎముకల వైద్యుడికి చూపించి, ఆయన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం. కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీకి వెళ్ళినా సరే, మీకు నమ్మకమున్న మరో చోటికి వెళ్ళినా సరే. చిన్నప్పుడు చొక్కా లేకుండా తీసిన ఫొటో ఏదైనా ఇంట్లో ఉంటే అదీ పట్టుకెళ్ళండి. అందులో ఎత్తు కనబడితే చాలా వాదనలు అక్కడే ఆగిపోతాయి.

ఈ నిర్ధారణ ఖాయమైతే ముందు మీ అమ్మగారికి చెప్పండి. ఇన్నేళ్ళుగా ఆమె ఆ భుజాన్ని తడిమి చూసుకున్నది తన కాన్పులోనే ఏదో పొరపాటు జరిగిందన్న బాధతో అయి ఉంటుంది. నొప్పులు మొదలవడానికి ఎన్నో నెలల ముందే, ఆమె గర్భవతినని తెలుసుకునే రోజుల్లోనే, ఈ ఎముక ఇలా రూపుకట్టి ఉంటుంది. అందులో ఆమె చేసిందీ లేదు, చేయనిదీ లేదు. మీ తమ్ముడి కేసు కూడా దీంతో వీగిపోతుంది. పురుడు పోసినవారు విరవని ఎముకకు వారిని బాధ్యుల్ని చేయలేం.

మీది అరుదైన స్థితే. అయినా ఈ ఎముకలో మనిషికీ మనిషికీ తేడాలు ఉండటం ఏమంత విశేషం కాదు. ఆంధ్ర వైద్య కళాశాలలో అనాటమీ చదివిన ఏ విద్యార్థిని అడిగినా, పెట్టెలోంచి తీసిన ఏ రెండు కాలర్‌బోన్‌లూ ఒక్కలా ఉండవనే చెబుతారు. ఒకే మనిషిలో సైతం సాధారణంగా కుడిది కాస్త పొట్టిగా దిట్టంగా, ఎడమది కాస్త పొడుగ్గా ఉంటాయి. ఛాతీ వైపు కొసకు అడుగున, మొదటి పక్కటెముక నుంచి వచ్చే లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) పట్టుకునే చోట, కొందరిలో లోతైన గుంత ఉంటుంది. దాన్ని రాంబాయిడ్ ఫోసా అంటారు. ఉద్యోగానికి తీయించుకున్న ఛాతీ ఎక్స్‌రేలో అది ఎముకను ఏదో తినేసినట్టు కనబడి, క్షయ అనో కణితి అనో నిండు ఆరోగ్యంతో ఉన్న కుర్రవాళ్ళను ఆసుపత్రుల చుట్టూ తిప్పుతుంది. కొందరిలో భుజం మీది చర్మానికి స్పర్శనిచ్చే నరపు పాయ ఎముక మీదుగా పోకుండా ఎముకలోని సన్నని సొరంగం గుండా దూరి వెళుతుంది. మరికొందరిలో కాలర్‌బోన్‌కూ దాని కింద ఉండే రెక్క ఎముక కొమ్ముకూ మధ్య, మామూలుగా లిగమెంట్లు మాత్రమే ఉండే చోట, ఒక చిన్న కీలు ఉంటుంది. వీటిలో చాలావరకు ఏ ఇబ్బందీ పెట్టకుండా, వాటి యజమానికి తెలియకుండానే జీవితాంతం ఉండిపోతాయి.

అవి తెలిసి ఉండవలసింది చికిత్స చేసేవారికి. ఫ్రాక్చర్లకు వేసే ప్లేట్లు ఒక సగటు వంపుకు తయారై వస్తాయి. ఎదురుగా ఉన్న ఎముక ఆ సగటుకు లొంగకపోతే ఆపరేషన్ బల్ల దగ్గరే ప్లేటును వంచుకోవలసి వస్తుంది. పెద్ద సిరలోకి గొట్టం వేయవలసినప్పుడు కొందరు వైద్యులు కాలర్‌బోన్ వంపునే గుర్తుగా పెట్టుకుని దాని కిందుగా సూది పోనిస్తారు. మీలో ఆ గుర్తు ఉండవలసిన చోట ఉండదు గనుక సూది దారి తప్పే ప్రమాదం ఉంది. భవిష్యత్తులో ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా, కాన్పుకు వెళ్ళినా, మత్తు ఇచ్చే వైద్యుడికి ఈ సంగతి ముందే చెప్పండి. మెడ సిరనో, ఎడమవైపునో ఎంచుకుని, అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తారు. మీ కేస్‌షీట్ మీద ఈ ఒక్క వాక్యం రాయించి పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు.

పిల్లలకు వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు రెండు భాగాలు. ఒకవైపు ఎముక మాత్రమే ఇలా ఉండి, మిగతా శరీరమంతా మామూలుగా ఉంటే, అది సాధారణంగా ఆ మనిషితోనే ఆగిపోతుంది. ఒకే కుటుంబంలో ఇద్దరికి కనబడిన ఉదాహరణలు చాలా తక్కువ. కాని దీన్ని పోలిన మరొక స్థితి ఉంది. 1898లో ఫ్రాన్స్‌లో మరీ, సాంతోన్ అనే వైద్యులు వివరించిన క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా అది. దానికి కారణం రన్‌ఎక్స్ 2 అనే జన్యువులో మార్పు అని 1997లో తేలింది. అందులో సాధారణంగా రెండు కాలర్‌బోన్‌లూ చిన్నవిగా ఉంటాయి, లేదా అసలే ఉండవు. కొందరు రెండు భుజాలనూ ఛాతీ ముందు దగ్గరికి తేగలరు. మాడు ఆలస్యంగా పూడుతుంది, పాలపళ్ళు ఊడవు, దవడలో అదనపు పళ్ళు ఉండి అసలు పళ్ళు బయటికి రాలేకపోతాయి, మనిషి కాస్త పొట్టిగా ఉండవచ్చు. ఇది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మీ ఉత్తరంలో ఎడమవైపు ఎముక గురించీ పళ్ళ గురించీ ఏమీ లేదు. పళ్ళ డాక్టరు దగ్గర దవడ మొత్తం కనబడేలా ఒక ఎక్స్‌రే తీయించుకుంటే, ఎముకల వైద్యుడు ఎడమవైపు కూడా చూస్తే, ఈ అనుమానం దాదాపుగా తీరిపోతుంది. తేడా ఏమైనా కనబడితే గర్భం రాకముందే జన్యు వైద్యుల సలహా తీసుకోవచ్చు.

ఇప్పుడు మీరు దాటేసిన సంగతికి వస్తాను. కాలర్‌బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్య ఉన్న ఇరుకు దారిలోంచి చేతికి పోయే నరాల గుత్తి, ధమని, సిర మూడూ వెళతాయి. పైన కప్పుగా ఉండవలసిన ఎముక రెండు ముక్కలై, కదులుతూ, ఒక ముక్క కిందికి ఒదిగి ఉన్నప్పుడు ఆ దారి ఇంకా ఇరుకయ్యే వీలుంది. చెయ్యి పైకెత్తి బోర్డు మీద రాసేటప్పుడు, బ్యాగు పట్టీ సరిగ్గా ఆ కీలు మీద బరువు వేసినప్పుడు మీకు తిమ్మిరి రావడం ఈ ఊహకు సరిపోతోంది. చిన్నప్పుడు ఏ బాధా లేనివారిలో యుక్తవయసు దాటాక ఇలా మొదలవడం చూశాం. దీన్ని థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అంటారు.

అలాగని తొందరపడి ఎముక మీదే నేరం మోపకూడదు. ఉంగరపువేలికీ చిటికెనవేలికీ వెళ్ళే అల్నార్ నరం మోచేతి వెనక నొక్కుకుపోయినా ఇదే తిమ్మిరి వస్తుంది, మెడ ఎముకల మధ్య నొక్కుకున్నా వస్తుంది. ఇది కాక, మెడ చివరి ఎముక నుంచి అదనంగా ఒక చిన్న పక్కటెముక పుట్టి నరాలను కింది నుంచి ఎత్తిపట్టే సర్వైకల్ రిబ్ అనే మరో పుట్టుక తేడా ఉంది. అది నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువమందికో ఉంటుంది. కనుక మెడ ఎక్స్‌రే, నరాలు ఎంత వేగంగా పనిచేస్తున్నాయో చూసే పరీక్ష, చెయ్యి దించినప్పుడూ ఎత్తినప్పుడూ ధమనిలో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష, ఈ మూడింటి గురించి వైద్యుడిని అడగండి. రెండు చేతులూ భుజాల ఎత్తుకు లేపి, మోచేతులు వంచి, మూడు నిమిషాలపాటు పిడికిళ్ళు మూసి తెరవమని ఆయన చెబితే ఆశ్చర్యపోకండి, అదీ పరీక్షే. షుగరు, థైరాయిడ్, బి12 కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.

తిమ్మిరి వచ్చిపోతూ ఉండి, చేతిలో బలం తగ్గనంతవరకు, మొదట చేసేది ఫిజియోథెరపీయే. భుజాన్ని వెనక్కీ పైకీ నిలిపే కండరాలకు రెండు మూడు నెలలు క్రమంగా వ్యాయామం ఇస్తే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. ఈలోగా బ్యాగు ఎడమభుజానికి మార్చండి, లేదా స్కూటర్ ముందు కొక్కేనికి తగిలించండి. బోర్డు మీద పై సగం వదిలేసి కళ్ళ ఎత్తుకు దిగువనే రాయండి. మీ పొడవైన లెక్కలు రెండు వరుసల్లో రాసినా పిల్లలకు అర్థమవుతాయి. కాని వేళ్ళ కొసలు తెల్లబడి చల్లబడినా, చెయ్యి ఉన్నట్టుండి వాచి నీలంగా మారినా, బొటనవేలి మొదట్లో కండ పలచబడుతున్నట్టు కనబడినా ఆలస్యం చేయవద్దు. మొదటి రెండూ అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలసిన లక్షణాలు.

ఇక ఆపరేషన్. దీన్ని వద్దనీ చేయించమనీ నేను చెప్పడం లేదు. ఎందుకోసం అన్నది ముందు తేల్చుకోమంటున్నాను. పరీక్షల్లో నరమో ధమనో ఆ ముక్కల మధ్య నలుగుతోందని తేలితే, వ్యాయామంతో తగ్గకపోతే, ఆపరేషన్‌కు సరైన కారణం ఉన్నట్టే. అప్పుడు దాని కష్టాలను భరించడంలో అర్థం ఉంది. కేవలం ఎత్తు కనబడకుండా పోవడానికైతే లెక్క వేరుగా ఉంటుంది. నున్నటి కొసలను చెక్కేస్తే ఎముక పొట్టిబడుతుంది. ఆ వెలితి పూడ్చడానికి తుంటి నుంచి ఎముక తీస్తారు. ఆ తుంటి నొప్పి కొందరికి భుజం నొప్పి కన్నా ఎక్కువ రోజులు ఉంటుంది. అతుక్కోవడానికి మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పెద్దవారిలో అతకకుండా మిగిలిపోయే అవకాశమూ ఉంది. కోతలో చర్మపు నరాలు తెగితే భుజం ముందు భాగంలో స్పర్శ తగ్గుతుంది. అరుదుగానైనా చేతి నరాల గుత్తికి దెబ్బ తగిలిన సంఘటనలు ఉన్నాయి. సన్నగా ఉన్నవారికి ప్లేటే చర్మం కింద కొత్త ఎత్తుగా తగిలి, దాన్ని తీయడానికి మళ్ళీ ఆపరేషన్ అవసరం కావచ్చు.

మచ్చ సంగతి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. ఛాతీ పైభాగం, భుజం, మన చామనఛాయ చర్మం, ఈ మూడూ కలిసిన చోట కోత గీత ఉబ్బి గట్టిపడే స్వభావం ఎక్కువ. అంటే చర్మం కింద ఉన్న ఎత్తును పోగొట్టుకుని, చర్మం మీద దానికన్నా స్పష్టంగా కనబడే గీతను తెచ్చుకునే అవకాశం ఉంది. మీ ముహూర్తం మాఘంలో. ఇప్పుడు ఆపరేషన్ జరిగితే తలంబ్రాలు పోయవలసిన చెయ్యి స్లింగ్‌లోంచి బయటికి వచ్చి ఎన్నాళ్ళో అయి ఉండదు. ఆ తొందర సర్జన్‌ది కాదు, మీ ఇంటిది. ఎముకకు పంచాంగంతో పని లేదు. పెళ్ళయ్యాక, తిమ్మిరి ఎటు తిరుగుతుందో చూసి, ఏడాది తర్వాత నిర్ణయించుకున్నా వైద్యపరంగా నష్టం ఉండదు, పైన చెప్పిన ప్రమాద లక్షణాలు రానంతవరకు.

బిడ్డను ఎత్తుకోవడం గురించి అడిగారు. ఎత్తుకోగలరు. హాస్టల్లో బకెట్లు మోసిన చెయ్యి అది. తిమ్మిరి ఉన్నంతకాలం బిడ్డను ఎక్కువగా ఎడమవైపు ఎత్తుకుంటే చాలు.

పెళ్ళి విషయంలో మీ ముందు మూడు దారులు ఉన్నాయి. అమ్మగారు చెప్పినట్టు ఏమీ మాట్లాడకుండా ఉండటం ఒకటి. ఎత్తు వాళ్ళ కంట పడకుండా ఉంటే ఆ దారికి ఏమైనా అర్థం ఉండేది. వాళ్ళు చూశారు, అడిగారు. జవాబు చెప్పకపోతే యాక్సిడెంట్ కథ దానంతట అదే పెరుగుతుంది. రేపు ఏ దగ్గుకో ఛాతీ ఎక్స్‌రే తీసినా ఆ రెండు ముక్కలూ మళ్ళీ బయటపడతాయి. నాన్నగారు చెప్పినట్టు ఆపరేషన్‌తో సరిదిద్దేయడం రెండోది. అప్పుడు ఎత్తుకు బదులు మచ్చకూ ప్లేటుకూ సంజాయిషీ చెప్పుకోవాలి, "ముందే దాచి బాగుచేయించారు" అన్న మాట అదనం. మూడోది, సరైన నిర్ధారణ చేతికి వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పడం. దీనివల్ల ఈ సంబంధం తప్పిపోనూ వచ్చు. అది చిన్న విషయమని నేను అనను. మీ ఇంట్లో ఆ రాత్రి ఎలా ఉంటుందో ఊహించగలను. కాని మొదటి రెండు దారుల్లోనూ సంబంధం తప్పిపోవచ్చు, అదీ పెళ్ళయ్యాక చేదుగా మారవచ్చు.

మూడో దారి ఎంచుకుంటే ఎవరు ఎవరితో మాట్లాడాలన్నది కూడా ఆలోచించండి. మధ్యవర్తి ద్వారా కబురు పంపితే ఆ కబురు విజయనగరం చేరేసరికి ఏ రూపం దాల్చుతుందో చెప్పలేం. పెద్దల సంగతి నాన్నగారు వైద్యుడి కాగితంతో చూసుకోవచ్చు. అబ్బాయితో మాత్రం మీరే మాట్లాడటం నయం. అందరూ దాచారా అని అడిగినప్పుడు అతను నొప్పి ఉందా అని అడిగాడు. ఆ ప్రశ్నకు మీరు ఇంకా పూర్తి జవాబు ఇచ్చినట్టు లేదు. పుట్టుకతోనే ఎముక రెండు ముక్కలుగా ఉందని, నొప్పి లేదని, వేళ్ళకు అప్పుడప్పుడు తిమ్మిరి వస్తోందని, దానికి పరీక్షలు చేయించుకుంటున్నానని చెబితే చాలు. తిమ్మిరిని ఇక్కడ కూడా దాటేయకండి. పళ్ళ ఎక్స్‌రే, ఎడమవైపు పరీక్ష పూర్తయ్యేదాకా "పిల్లలకు రాదు" అన్న హామీ మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. ఆ రెండూ ఒక్క వారంలో తేలిపోయేవే గనుక, వాటి తర్వాతే ఫోన్ చేయడం మేలని నా అభిప్రాయం.

నాన్నగారు ఆ సర్జన్‌కు అడ్వాన్సు కట్టి ఉంటే, ఆపరేషన్ రద్దు అనకుండా వాయిదా అని చెప్పండి. నరాల పరీక్ష, డాప్లర్ రిపోర్టులు వచ్చాక వాటిని తీసుకుని మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళి, "ఈ ఫలితాలు చూశాక కూడా మీ సలహా అదేనా? చేయించుకోకపోతే నా చేతికి ఏమవుతుంది?" అని అడగండి. ఆయన జవాబు ఎత్తు గురించి కాకుండా చేతి గురించి ఉంటే, అది వినదగిన జవాబు.